గుడ్లగూబను విడువని ఛాయాగ్రాహకుడు

ఎగిరెడు పక్షిని ఫొటో తీయుట కష్టము. చీకటిలో వేటకు వెడలిన గుడ్లగూబను తీయుట మరింత కష్టము. 1909లో లండనులో జన్మించిన ఎరిక్ హాస్కింగ్ బాల్యమునుండి పక్షులపై ప్రాణము పెట్టుకొని, వాటి చిత్రములనే జీవనోపాధిగా చేసికొనెను. ఆనాడు అది సాహసమే.

1937 మే నెలలో వేల్సుదేశమున, గుడ్లగూబ గూటి కెదురుగా కట్టుకొన్న చాటుగుడారమునకు ఆయన రాత్రివేళ చేరుకొనుచుండెను. గుడ్లగూబ రెక్కల యీకల అంచులు మెత్తని కుచ్చులవలె నుండును. అందుచే దాని రాక చెవికి సోకదు. పిల్లలను కాచుకొనుచున్న ఆ పక్షి చప్పుడు లేక వచ్చి ముఖముపై తన్నెను. గోరు ఎడమకంటిలో దిగెను. పెన్సిలిన్ ఇంకను వైద్యుల చేతికి రాని కాలమది. విషము రెండవ కంటికిని ప్రాకునను భయముతో వైద్యులు ఆ కన్ను తీసివేసిరి. అప్పటి కాయన వయస్సు 27 ఏండ్లు.

ఛాయాగ్రాహకునకు కన్నే కదా పనిముట్టు! అయినను ఆయన పక్షిపై పగపట్టలేదు. కత్తిసాము చేయువారి ముసుగు ధరించి మరల గుడ్లగూబల కడకే వెళ్లెను.

యుద్ధానంతరము విద్యుత్తుతో వెలుగు మెరుపుదీపము ఆయన చేతికి వచ్చెను. పక్షి వచ్చు దారికి అడ్డముగా సన్నని కాంతిరేఖను నిలిపెడువాడు. రెక్క ఆ రేఖను తెంచినంతనే కెమెరా తనంత తానే పనిచేసెడిది. సెకనులో వేయవవంతు కంటె తక్కువలో మెరుపు ముగిసెడిది. కొట్టుకొను రెక్కలో ఒక్కొక్క యీక నిలిచినట్లు కనబడెడిది. 1948లో ఆయన తీసిన, ఎలుకను ముక్కున కరచి రెక్కలెత్తిన తెల్లమొగము గుడ్లగూబ చిత్రము మిక్కిలి ప్రసిద్ధి కెక్కెను.

హాస్కింగ్ 1991లో మరణించెను. 1970లో వెలువడిన ఆయన ఆత్మకథ పేరులో ఒక పక్షియు, ఒక కన్నును ఉన్నవి.