ఎఱ్ఱజుట్టు గురువు

ధర్మవరం పట్టుచీరలో ఎరుపు మెరిస్తే పెండ్లివారికి కన్నులపండువు. వధువు నుదుట కుంకుమ ఎరుపు, పాదాల పారాణి ఎరుపు. శుభమన్నంతనే తలపునకు వచ్చే వర్ణం అదే. ఆ వర్ణమే తలవెండ్రుకలలో కనిపిస్తే మాత్రం చూచే కన్ను మారిపోతుంది. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం సీమ కరువులు ఎరిగిన సీమ. ఇక్కడ బిడ్డ జుట్టు ఎఱ్ఱబారితే తల్లి గుండె కలుక్కుమంటుంది. తలకు నూనె లేదు, కడుపుకు తిండి లేదు అని నలుగురూ అనుకొంటారేమోనని ఆమె దిగులు. ఆ దిగులు నిరాధారమైనదీ కాదు; మాంసకృత్తులు చాలని పసివారికి జుట్టు రంగు తప్పుతుందని వైద్యులూ చెబుతారు. అయితే ఏ లోపమూ, ఏ రోగమూ లేకుండా, పుట్టుకతోనే రాగివన్నె కేశాలతో వెలుగు చూచేవారు లోకంలో నూటికి ఒకరో ఇద్దరో ఉన్నారు. వారిని గురించి మన పెద్దలకు తెలియకపోలేదు. మనుస్మృతి కపిలవర్ణ కన్యను వివాహమాడరాదని నిషేధించింది. పతంజలి మహాభాష్యమో, దానికి ఎదురుగా, గౌరవర్ణంతో పాటు కపిలకేశాన్ని బ్రాహ్మణ లక్షణాలలో చేర్చింది. హిందూపురానికి చేరువనున్న లేపాక్షిలో కొలువైన వీరభద్రుడు శివుని జటనుండి పుట్టినవాడు కదా. ఆ జటలకు కవులు చెప్పిన వన్నె నలుపు కాదు! దేవుని తలపై పూజ్యమైనది ఆడపిల్ల తలపై దోషమెట్లయిందో ధర్మశాస్త్రకారులే చెప్పాలి.

ఐరోపాలోనూ ఇదే తంతు. క్రీస్తును అప్పగించిన యూదాకు చిత్రకారులు తరచు ఎఱ్ఱజుట్టే పెట్టినారు. అట్టి లోకంలో, ఎఱ్ఱజుట్టుతో పుట్టి, క్రైస్తవ దీక్ష పొంది, సొంత పేరుకంటె జుట్టు పేరుతోనే ఎక్కువ ప్రసిద్ధికెక్కిన సంగీత విద్వాంసుడు ఆంటోనియో వివాల్డి. అతని పుట్టినూరు వెనీసు.

వెనీసుకూ పెనుకొండకూ ఒక పాత పరిచయం ఉన్నది. 1565లో తళ్ళికోట యుద్ధానంతరం తిరుమలరాయలు విజయనగరాన్ని వీడి ఘనగిరి దుర్గానికి రాజధానిని మార్చినాడు. 1567లో పాడుబడిన ఆ నగరానికి వచ్చి, రాజు పెనుకొండకు తరలిన సంగతిని తన యాత్రాగ్రంథంలో చెప్పిన సెసరె ఫెదెరీచి వెనీసు వర్తకుడే. అప్పటికి నూటపదకొండేండ్ల తరువాత, 1678 మార్చి 4వ తేదీన, ఆ నీటినగరంలో వివాల్డి జన్మించినాడు. ఆనాడు అక్కడ భూమి కంపించిందని చెబుతారు. బిడ్డ బ్రతుకుతాడన్న ఆశ లేక మంత్రసానియే ఇంటిలో జ్ఞానస్నానం చేయించింది. చర్చిలో జరుగవలసిన తంతు రెండునెలలకు గాని జరుగలేదు.

తండ్రి జొవాన్ని బత్తిస్తా మొదట క్షురకుడు, పిదప ఫిడేలు విద్వాంసుడు. 1685లో అతనికి సెయింట్ మార్కు దేవాలయ వాద్యబృందంలో కొలువు దొరికింది. ఆ కొలువు పట్టీలో అతని ఇంటిపేరు వివాల్డి అని కాక రోస్సి అని ఉన్నది. ఇటలీ భాషలో రోస్సో అంటే ఎరుపు. అనగా కొడుకునకు దక్కిన బిరుదు తండ్రి తలపైనే మొలిచింది. లోకుల తలలు దువ్వి బ్రతికిన మంగలికి తన తలయే ఇంటిపేరు కావడం ఎంత చిత్రం! ఈ వారసత్వపు మర్మం చాలకాలం ఎవరికీ తెలియదు. 1995లో శాస్త్రజ్ఞులు ఎం.సి.1.ఆర్. అనే జన్యువులోని మార్పులకూ ఎఱ్ఱజుట్టుకూ గల సంబంధాన్ని కనుగొన్నారు. తల్లినుండి ఒక పాలు, తండ్రినుండి ఒక పాలు కలిసివస్తేనే సాధారణంగా జుట్టు ఎఱ్ఱనవుతుంది. ఒక్క పాలే అందినవారు నల్లని తలతోనే బ్రతికి, ఆ నిప్పురవ్వను మనుమలకు దాచి ఇస్తారు.

కుమారునికి ఫిడేలు నేర్పినది తండ్రియే. పదునైదవ ఏట వేదాంత విద్యలో ప్రవేశించి, 1703 మార్చిలో వివాల్డి గురుపట్టం పొందినాడు. నాటినుండి అతడు వెనీసువారికి ‘ఎఱ్ఱ గురువు’. పుట్టుకనుండి వెన్నాడిన ఛాతీబిగువు వలన కొద్దికాలానికే పూజ చేయడం మానుకొన్నాడు. ఆ మానుకోవడమే ముందు ముందు అతనికి శత్రువైంది.

అదే సంవత్సరం పియెతా అనే అనాథ శరణాలయంలో ఫిడేలు నేర్పే ఉద్యోగం లభించింది. కన్నవారు విడిచిపోయిన పసికందులను పెంచే ధర్మసంస్థ అది. అక్కడి బాలికలు కటకటాల వెనుక నిలిచి చేసే కచ్చేరీలు వినడానికి దేశదేశాల ప్రభువులు వచ్చేవారు. ఇంటిపేరు లేని ఆ బాలికలకు వాద్యమే ఇంటిపేరు. వారిలో మేటి అయిన అన్నా మరియాను ఫిడేలు అన్నా మరియా అనేవారు. పుట్టుకతో వచ్చిన రంగు పేరు మోసే గురువు, పుట్టుక తెలియక వాద్యం పేరు మోసే శిష్యురాలు! ఆమె కొఱకు వివాల్డి ఎన్నో రచనలు చేసినాడు. 1709లో సంస్థ పెద్దలు ఓట్లు వేసి అతనిని తొలగించినారు. 1711లో మళ్ళీ పిలిచినారు. అదే యేట ఆంస్టర్‌డాంలో అచ్చయిన పన్నెండు కచ్చేరీ రచనల సంపుటి ఐరోపా అంతా ప్రాకింది. జర్మనీలో బాఖ్ మహాశయుడు వాటిలో కొన్నింటిని తన వాద్యాలకు అనువుగా తిరిగి వ్రాసుకొన్నాడు. గొప్పవాడు గొప్పవానిని ఎట్లు చదువుకొంటాడో దీనివలన తెలుస్తుంది.

1725లో వెలువడిన ఋతువుల రచనలు నాలుగు నేటికీ అతని కీర్తికి ఆధారాలు. వసంతంలో పక్షుల కూతలు, నిద్రించే మేకలకాపరి, చెంత మొరిగే కుక్క, అన్నీ తంతులపైనే పలుకుతాయి. వానికంటె గ్రీష్మం మన సీమవారి మనసుకు దగ్గర. ఎండకు మనిషీ మందా వడలిపోవడం, దూరాన ఉరుము వినబడడం, కాపరి భయపడడం, ఆశ పెట్టిన మబ్బు వడగండ్లై పండిన చేనును నేలరాల్చడం అందులోని కథ. దానిని విని అర్థం చేసుకొనడానికి అనంతపురం రైతుకు పాశ్చాత్య సంగీతశాస్త్రం అక్కరలేదు.

నాటి ఐరోపా పెద్దమనుషులు పొడి అద్దిన కృత్రిమ కేశాలు ధరించేవారు. తలపై ఉన్నదేదో ఎవరికీ కనబడని కాలమది. అయినా 1723లో రోములో గెజ్జి అనే చిత్రకారుడు వివాల్డి వికటచిత్రం గీసి, క్రింద ఎఱ్ఱ గురువనియే వ్రాసినాడు. గీత సిరాది, పేరు ఎఱ్ఱనిది! 1735లో అతనితో కలిసి పనిచేసిన నాటకకర్త గొల్డోని తన స్మృతులలో, జుట్టువలన వచ్చిన ఆ పేరే అసలుపేరుకంటె జనానికి ఎక్కువ తెలుసునని వ్రాసినాడు. అతని సంగీతనాటకాలు సుమారు ఏబది తెలియవచ్చినవి. 1730లో ప్రాగ్ నగరంలో ప్రదర్శింపబడిన అర్జిప్పో నాటక కథ భారతదేశంలో జరిగినట్లు కల్పింపబడినది.

కీర్తి ఉన్నా కాలం కలిసిరాలేదు. 1737లో ఫెర్రారాలో నాటకాలాడించడానికి సిద్ధపడగా ఆ ఊరి కార్డినల్ రుఫ్ఫో అతనిని నగరంలోనికి రానీయలేదు. పూజ చేయని గురువు కావడం ఒక నేరం, అన్నా జిరో అనే గాయనితో స్నేహం రెండవ నేరం. ఊపిరి అందనివాని కష్టం ఆ పెద్దకు పట్టలేదు. వెనీసులోనూ జనరుచి మారింది. 1740లో వివాల్డి వియన్నాకు తరలినాడు. తనను ఆదరించిన చక్రవర్తి ఆరవ చార్లెస్ ఆ అక్టోబరులోనే కన్నుమూసినాడు. మరుసటి జూలైలో, 1741లో, వివాల్డియూ పరాయి ఊరిలో మరణించినాడు. జులై 28న కొద్దిపాటి ఖర్చుతో ఖననం ముగిసింది.

తరువాత దాదాపు రెండువందల యేండ్లు లోకం అతనిని మరచింది. 1926లో ఉత్తర ఇటలీలోని ఒక క్రైస్తవ పాఠశాల తన పాత సంగీత గ్రంథాలను అమ్మజూపింది. వానిని పరిశీలించిన టురిన్ ఆచార్యుడు అల్బెర్టొ జెంటిలి వివాల్డి స్వహస్త ప్రతులను గుర్తించినాడు. కొనడానికి విశ్వవిద్యాలయానికి ధనం లేదు. రొబెర్టొ ఫోవా అనే ధనికుడు, చనిపోయిన తన పసికుమారుడు మౌరో పేరిట, వానిని కొని ఇచ్చినాడు. గ్రంథాలు సగమే ఉన్నవని తేలింది. మిగిలిన సగం వేరొక కుటుంబంలో దొరుకగా, 1930లో ఫిలిప్పో జొర్డానో అనే వస్త్రపరిశ్రమాధిపతి, తానూ బిడ్డను పోగొట్టుకొన్నవాడే, తన రెంజో పేరిట కొని ఇచ్చినాడు. బ్రతుకదని మంత్రసాని తొందరపడిన బిడ్డ పాట, బ్రతుకని ఇద్దరు బిడ్డల పేర మళ్ళీ బ్రతికింది. 1939 సెప్టెంబరులో సియెనా నగరంలో వివాల్డి వారోత్సవం జరిగింది.

అతని చేతిలోని ఫిడేలు మనకూ పరాయిది కాదు. బాలుస్వామి దీక్షితుల కాలంనుండి అది దక్షిణాది కచ్చేరీలో చేరి, ద్వారం వెంకటస్వామి నాయుడుగారి చేతిలో తెలుగు పలికింది. వివాల్డి మాత్రం భారతదేశం పేరిట వేణువునకు ఒక రచన చేసినాడు. దానికి ‘గొప్ప మొగలు’ అని పేరు. చాలకాలం పేరే తప్ప ప్రతి కనబడలేదు. 2010లో అది ఎడింబరోలోని ప్రాచీన పత్రాలలో దొరికింది. రెండవ ఫిడేలు పాలు మాత్రం పోయింది; దానిని అతని మరొక రచన ఆధారంగా పూరించినారు. ఎడింబరో స్కాట్లండు రాజధాని. ఎఱ్ఱజుట్టువారు లోకంలో అత్యధికంగా కనిపించే నేలలలో స్కాట్లండు ఒకటి.