ముగ్గు మధ్యలో చుక్క: చిత్రకారుడు పి.టి. రెడ్డి

మన హాస్టల్ వార్షికోత్సవానికి వరండా గోడ మీద పిల్లల బొమ్మలు అంటించడం పాత ఆనవాయితీ. అంబేద్కర్ గారు, గాంధీ గారు, నెమలి, కొండల మధ్య సూర్యోదయం ఎప్పుడూ ఉండేవే. మేము తొమ్మిదో తరగతిలో ఉండగా మా మిత్రుడొకడు ఒక ఎర్రటి త్రికోణం, మధ్యలో నల్లచుక్క, చుట్టూ పసుపు వలయాలు వేసి తెచ్చాడు. అదేమిట్రా అని అడిగితే చెప్పలేకపోయాడు. అందరూ నవ్వారు. మేమూ నవ్వాం. సాయంత్రానికి ఆ కాగితం గోడ మీద లేదు. వాడే చింపేసుకున్నాడు.

చాలా ఏళ్ల తర్వాత పి.టి. రెడ్డి గారి చిత్రాల అచ్చులు మా కంటబడ్డాయి. అవే త్రికోణాలు, అవే వలయాలు, అదే చుక్క! ఆ రోజు ఎవరిని చూసి నవ్వామో అప్పుడు తెలిసివచ్చింది. అందుకే ఈ సంచికలో ఆయన జీవితం గురించి నాలుగు మాటలు రాస్తున్నాం.

ఆయన పూర్తి పేరు పాకాల తిరుమల్ రెడ్డి. 1915 జనవరి 4న కరీంనగర్ ప్రాంతంలోని అన్నారం అనే పల్లెలో పుట్టారు. అది అప్పటి నైజాం రాజ్యం. బొమ్మలు వేసుకుని బతకవచ్చని ఊళ్లో ఎవరూ అనుకోని కాలం. ఆయన మాత్రం బొంబాయి వెళ్లి సర్ జె.జె. కళాశాలలో చేరి 1939లో డిప్లొమా పొందారు. 1941లో తోటి యువకులతో కలిసి ఒక చిత్రకారుల బృందంగా ఏర్పడి ప్రదర్శన పెట్టారు. బొంబాయి ప్రోగ్రెసివ్ ఆర్టిస్టుల బృందం పేరు అందరూ వినే ఉంటారు. అది వచ్చింది 1947లో. మన తెలుగువాడి బృందం అంతకు ఆరేళ్లు ముందుదన్న సంగతి ఎక్కువమందికి తెలియదు.

అప్పట్లో ఆయన వేసినవి మనకు అర్థమయ్యే బొమ్మలే. మనుషుల ముఖాలు, ఊళ్లు, పనిచేసుకునే స్త్రీలు. ఈ మాట గట్టిగా చెప్పాలి. గీత రానివాళ్లే త్రికోణాలు గీస్తారని మనలో చాలామంది అనుకుంటారు. ఉన్నది ఉన్నట్టు గీయడం ఆయనకు బాగా వచ్చు. వచ్చాకనే దాన్ని పక్కన పెట్టారు.

అయితే బొంబాయి నుంచి తిరిగొచ్చాక ఆయన జీవితం నేరుగా చిత్రకళ దారిలో సాగలేదు. హైదరాబాదులో కొన్నేళ్లు ఫర్నిచర్ వ్యాపారం చేశారు. డిప్లొమా చేసిన చిత్రకారుడు కుర్చీలు, బల్లలు చేయించి అమ్మారు. మన పూర్వ విద్యార్థుల్లో పాట వదిలేసినవాళ్లు, నాటకం వదిలేసినవాళ్లు ఎంతమంది లేరు? ఇల్లు గడవాలి కదా. కానీ రెడ్డి గారు వదిలేయలేదు, మళ్లీ కుంచె పట్టుకున్నారు. మాకు ఆయన జీవితంలో అన్నిటికంటే పెద్ద విషయం ఇదే అనిపిస్తుంది.

ఆయన పేరు నిలబెట్టిన తాంత్రిక చిత్రాలు వచ్చింది యాభై దాటాక. తంత్రం అంటే చేతబడి అని భయపడనక్కర్లేదు. దైవాన్ని ముఖం, చేతులు లేకుండా గీతల్లో చూపే పాత పద్ధతి ఒకటి మన దేశంలో ఉంది. పైకి చూసే త్రికోణం శివుడు, కిందికి చూసేది శక్తి, నడుమ చుక్క సృష్టికి మూలమైన బిందువు. శ్రీచక్రంలో నాలుగు త్రికోణాలు పైకి, అయిదు కిందికి ఉంటాయి. అవి ఒకదాన్నొకటి కోసుకుంటే 43 చిన్న త్రికోణాలు ఏర్పడతాయి. 1960ల నుంచి మద్రాసులో కె.సి.ఎస్. పణిక్కర్, ఢిల్లీలో బీరేన్ డే, జి.ఆర్. సంతోష్ వంటివారు ఈ పాత గుర్తులను కొత్త చిత్రకళలోకి తెచ్చారు. తెలుగునాట ఆ పని చేసినవారు రెడ్డి గారు. పూజకు పెట్టుకునే యంత్రాన్ని ఆయన నకలు తీయలేదు. రంగుతో, తన ఊహతో దాన్ని మార్చారు. 1969లో మనిషి చంద్రుడి మీద కాలుపెడితే ఆ సంగతి కూడా ఆయన బొమ్మల్లోకి వచ్చింది.

విదేశాల్లో ఈ దారి తొక్కినవారిలో ముఖ్యుడు రష్యాకు చెందిన కాండిన్‌స్కీ. న్యాయశాస్త్రం చదివిన ఆయన మాస్కో ప్రదర్శనలో మోనే వేసిన గడ్డికుప్ప బొమ్మను చూశాడు. అది గడ్డికుప్ప అని మొదట పోల్చుకోలేకపోయాడు. అయినా ఆ రంగులు మనసులోంచి పోలేదు. ముప్పై ఏళ్ల వయసులో న్యాయశాస్త్రం వదిలి బొమ్మలు నేర్చుకోవడానికి మ్యూనిక్ వెళ్లిపోయాడు. చిత్రకళలో ఆధ్యాత్మికత గురించి 1911లో పుస్తకం రాశాడు. పాటలో మాటలు లేకపోయినా రాగం మనసుకు తాకుతుంది కదా, వస్తువు లేకపోయినా రంగు అలాగే తాకుతుందని ఆయన నమ్మకం.

ఇదంతా మనకు దూరం అనుకోనక్కర్లేదు. సంక్రాంతి నెలలో మన అమ్మలు వాకిట్లో చుక్కలు పెట్టి గీతలు కలుపుతారు. అది ఏ వస్తువు బొమ్మ అని ఎవరమూ అడగం. సీతంపేట కొండల్లో సవరలు ఇంటి గోడకు ఎర్రమట్టి పూసి బియ్యప్పిండితో బొమ్మలు వేస్తారు. దేవతల కోసం, చనిపోయిన పెద్దల కోసం వేసే ఆ బొమ్మల్లో మనిషి ఒళ్లు రెండు త్రికోణాలే. మన హాస్టల్లోనే ఆ ఊళ్ల నుంచి వచ్చిన తమ్ముళ్లు ఉన్నారు. మా మిత్రుడు ఆ త్రికోణాన్ని పుస్తకంలో చూసి వేయలేదు. ఎక్కడ చూశాడో అడిగే ఓపిక ఆ రోజు మాకు లేకపోయింది.

రెడ్డి గారి భార్య పాకాల యశోదారెడ్డి గారు. తెలంగాణ పలుకుబడిలో కథలు రాసిన రచయిత్రి, తెలుగు ఆచార్యురాలు. హైదరాబాదు నారాయణగూడలోని వారి ఇంటి పేరు సుధర్మ. ఆయన చిత్రాలు, శిల్పాలు ఆ ఇంట్లోనే కొలువుదీరాయి. 1996 అక్టోబరులో ఆయన కన్నుమూశారు. యశోదారెడ్డి గారు 2007లో పోయారు.

మా మిత్రుడు ఇప్పుడు బొబ్బిలిలో దుకాణాలకు బోర్డులు రాస్తాడు. ఈ వ్యాసం రాసే ముందు వాడికి ఫోను చేసి, ఆ బొమ్మ గుర్తుందా అని అడిగాం. కాసేపు మాట్లాడలేదు. తర్వాత ఎన్ని వలయాలు వేశాడో, ఏ వలయానికి పసుపు చాలక అన్నంలోకి తెచ్చిన పసుపు కలిపాడో అంతా వరసగా చెప్పాడు. ఈసారి వార్షికోత్సవానికి మళ్లీ వేసి తెమ్మన్నాం. బోర్డు పని అయిపోతే చూస్తానన్నాడు.