పైఎత్తుకు చోటివ్వని ఆటగాడు: మీర్ సుల్తాన్ ఖాన్

చదరంగాన్ని గురించి మనలో ఒక అపోహ ఉన్నది. ఎదుటివాని బలగాన్ని వేగంగా చంపుకుంటూ పోయేవాడే గొప్ప ఆటగాడని చాలామంది తలుస్తారు. చూపరులకు ఆనందం కలిగించేది అటువంటి ఆటే గనుక ఈ అభిప్రాయం సహజమే. అయితే ఈ విద్యలో ఆరితేరినవారు అంతకంటె కష్టమైన మరొక నేర్పును గౌరవిస్తారు. మనం ఒక ఎత్తు వేస్తే ఎదుటివాడు పైఎత్తు వేస్తాడు. అతడు ఆ పైఎత్తు వేయకముందే దానిని ఊహించి, అతని బలగానికి కదిలే తావు లేకుండా చేయడమే ఆ నేర్పు. ఏటికి వరద వచ్చిన తరువాత గండి పూడ్చడం ఒక పద్ధతి. వేసవిలోనే గట్టు పటిష్ఠం చేసుకోవడం మరొక పద్ధతి. శారదానది ఒడ్డున నివసించే అనకాపల్లి ప్రాంతీయులకు ఈ రెండింటికీ గల తారతమ్యాన్ని విడమరచి చెప్పనక్కరలేదు.

ఈ రెండవ పద్ధతిని ఐరోపా పండితుల సమక్షంలో ప్రదర్శించి, వారిని ఆశ్చర్యచకితులను గావించిన భారతీయుడు ఒకరున్నారు. ఆయన మీర్ సుల్తాన్ ఖాన్. మన విద్యార్థులలో ఆయన పేరు విన్నవారు తక్కువ. అందుకే ఆయన జీవితాన్ని సంగ్రహంగా పరిచయం చేయడం ఈ వ్యాసం ఉద్దేశం.

సుల్తాన్ ఖాన్ అవిభక్త పంజాబులోని మీఠా టివానా గ్రామంలో 1903 ప్రాంతంలో జన్మించారు. ఆ గ్రామం నేడు పాకిస్తాన్‌లోని ఖుషాబ్ జిల్లాలో ఉన్నది. వారిది ధార్మిక సంప్రదాయం గల కుటుంబం. తండ్రి నిజాముద్దీన్ చదరంగ ప్రియులు. తొమ్మిదేళ్ళ ప్రాయంలో తండ్రివద్దనే బాలుడు ఈ ఆట నేర్చుకున్నాడు. ఇరువది ఒకటవ యేట అడుగిడేసరికి పంజాబులో ఆయనకు దీటైన ఆటగాడు లేడని పేరు వచ్చింది.

ఆయన అభ్యసించిన ఆట దేశీయమైన ఆట. చదరంగం ఈ దేశంలో చతురంగంగా పుట్టి, పారశీకానికి వెళ్ళి షత్రంజ్‌గా మారి, అరబ్బుల ద్వారా ఐరోపా చేరింది. ఆ ప్రయాణంలో నియమాలు కొన్ని మారాయి. ఐరోపా పద్ధతిలో బంటు మొదటిసారి కదిలేటప్పుడు రెండు గడులు దూకవచ్చు. మన పాత పద్ధతిలో ఎప్పుడైనా ఒక్క గడియే. రాజును ఒకే ఎత్తులో ఏనుగు చాటుకు చేర్చే కాస్లింగ్ కూడా మన పాత ఆటలో లేదు. అందుచేత దేశీయమైన ఆట నెమ్మదిగా సాగుతుంది. ఆరంభపు ఎత్తులను కంఠస్థం చేసినందువల్ల అందులో కలిగే లాభం స్వల్పం. ఇరుపక్షాలూ బలగాన్ని నిదానంగా సర్దుకొని, ఒకరి ఉద్దేశాన్ని మరొకరు కనిపెట్టి మసలుకోవాలి. సుల్తాన్ ఖాన్ శైలిలోని ఓర్పుకు బీజం ఇక్కడే పడిందని భావించవచ్చు.

ఆ ప్రాంతంలో గొప్ప భూస్వామి, బ్రిటిష్ ప్రభుత్వంలో పలుకుబడి గలవారు సర్ ఉమర్ హయాత్ ఖాన్ టివానా. ఆయన ఈ యువకుని ప్రతిభను గుర్తించి చేరదీసి, ఐరోపా నియమాలను నేర్పించే ఏర్పాటు చేశారు. 1928లో జరిగిన అఖిల భారత పోటీలో సుల్తాన్ ఖాన్ తొమ్మిది ఆటలలో ఎనిమిది గెలిచి, ఒకటి సమం చేసి ప్రథములుగా నిలిచారు. మరుసటి సంవత్సరం సర్ ఉమర్ లండన్‌లోని ఇండియా కౌన్సిల్ సభ్యులుగా వెళుతూ ఆయననుకూడా వెంట తీసుకొనిపోయారు.

1929 వసంతంలో లండన్ చేరిన సుల్తాన్ ఖాన్‌కు తొలి అనుభవం నిరుత్సాహకరమైనది. అభ్యాసంకోసం ఏర్పాటైన ఒక చిన్న పోటీలో ఆయన అట్టడుగు స్థానాల్లో మిగిలారు. ఐరోపా ఆటగాళ్ళు ఆరంభపు ఎత్తులను పుస్తకాలనుండి తరతరాలుగా అధ్యయనం చేసినవారు. ఆయనకు ఆ పుస్తకాలతో పరిచయం లేదు. శీతల వాతావరణం సరిపడక జ్వరాలతోను, జలుబుతోను తరచు బాధపడేవారు. అయినప్పటికి విలియం వింటర్, ఫ్రెడరిక్ యేట్స్ అనే ఇద్దరు ఆంగ్ల క్రీడాకారులవద్ద కొన్ని వారాలు శిక్షణ పొంది, అదే సంవత్సరం ఆగస్టులో రామ్స్‌గేట్‌లో జరిగిన బ్రిటిష్ ఛాంపియన్‌షిప్‌లో విజేతగా నిలిచారు. పాలితుల దేశంనుండి వచ్చిన యువకుడు పాలకుల దేశపు బిరుదును వారి గడ్డమీదనే కైవసం చేసుకోవడం అప్పటి పత్రికలకు సంచలన వార్త అయింది.

అటుపిమ్మట నాలుగేళ్ళలో ఆయన సాధించిన విజయాలు అనన్యసామాన్యమైనవి. 1930లో లీజ్ నగరపు పోటీలో టార్టకోవర్ తరువాతి స్థానం ఆయనదే. 1931లో అదే టార్టకోవర్‌తో పన్నెండు ఆటల పోటీ ఆడి 6½–5½ తేడాతో గెలిచారు. 1930లో హాంబర్గ్, 1931లో ప్రాగ్, 1933లో ఫోక్‌స్టన్ నగరాలలో జరిగిన ఒలింపియాడ్‌లలో ఇంగ్లాండు జట్టుకు మొదటి బల్లపై ఆడిన ఘనత ఆయనది. ప్రాగ్‌లో రూబిన్‌స్టీన్, ఫ్లోర్ వంటి మహామహులను ఓడించి, ప్రపంచ విజేత అలెఖిన్‌తో సమంగా ముగించారు. 1932లోను, 1933లోను బ్రిటిష్ బిరుదు మళ్ళీ ఆయనకే దక్కింది. 1933లో స్త్రీల బ్రిటిష్ ఛాంపియన్‌షిప్ గెలిచిన ఫాతిమా కూడా సర్ ఉమర్ పరివారంలోనివారే కావడం విశేషం.

ఈ విజయాలన్నిటిలో తలమానికమైనది 1930–31 హేస్టింగ్స్ పోటీలో కాపాబ్లాంకాపై గెలిచిన ఆట. క్యూబా దేశీయుడైన కాపాబ్లాంకా 1921నుండి 1927వరకు ప్రపంచ విజేత. 1916నుండి 1924వరకు ఎనిమిదేళ్ళపాటు ఒక్క ఆటకూడా ఓడని ధీరుడు. అటువంటివానిని సుల్తాన్ ఖాన్ ఎట్లు బంధించారో తెలుసుకుంటే, ప్రత్యర్థి పైఎత్తులను అరికట్టడమంటే ఏమిటో విద్యార్థులకు స్పష్టమవుతుంది.

తెల్లబలగంతో ఆడిన సుల్తాన్ ఖాన్ ఐదవ ఎత్తులోనే మంత్రివైపు చివరనున్న ఏనుగు బంటును ఒక్క గడి ముందుకు జరిపారు. పైకి చూస్తే అది వృథా ఎత్తు. దాని ప్రయోజనం వేరు: నల్లశకటు వచ్చి తెల్లగుర్రాన్ని కట్టివేయడానికి అనువైన గడి ఒకటున్నది, ఆ గడికి ఈ చిన్నబంటు ముందుగానే కాపలా కాసింది. ఇదే వరుస ఎత్తులు తరువాతి కాలంలో 1963నుండి 1969వరకు ప్రపంచ విజేతగా ఉన్న పెట్రోస్యాన్ పేరిట ప్రసిద్ధి చెందాయి. సుల్తాన్ ఖాన్ ఆ ఎత్తు వేసేనాటికి పెట్రోస్యాన్ ఇంకా పసివాడు.

అటు తరువాత రెండవ కొసనున్న బంట్లను ఒక్కొక్కటిగా ముందుకు నడిపి, ఇరువదవ ఎత్తులో నల్లగుర్రాన్ని దాని చివరి వరుసకు తరిమివేశారు. నల్లశకటుకు దాని సొంత బంట్లే అడ్డుగోడలయ్యాయి. ఊపిరి సలపని కాపాబ్లాంకా రెండు ఏనుగులను ఇచ్చి తెల్లమంత్రిని పట్టుకున్నాడు. ఐరోపావారు రాణి అనీ, ఉర్దూలో వజీర్ అనీ పిలిచే ఈ మంత్రి బలగమంతటిలో శక్తిమంతమైనది. అది ఒంటరిగా తెల్లశిబిరంలో ప్రవేశించి కల్లోలం సృష్టిస్తుందని కాపాబ్లాంకా ఆశ. కాని సుల్తాన్ ఖాన్ తొందరపడలేదు. దాడికి పూనుకొనక, ముందుగా ఏనుగులతోను, శకటుతోను, బంట్లతోను ఆ మంత్రి తిరిగే దారులన్నింటినీ మూసివేశారు. కొద్ది ఎత్తులలోనే అది వెనుదిరిగి సొంతగూటికి చేరుకోక తప్పలేదు. ఇక మిగిలినది నిదానమైన ముట్టడి. ఏ వైపునుండీ ఎదురుదెబ్బకు అవకాశం లేదని నిర్ధారించుకున్న పిమ్మటనే ఆయన ముందడుగు వేశారు. అరువది అయిదవ ఎత్తుతో కాపాబ్లాంకా ఓటమిని అంగీకరించవలసి వచ్చింది.

ఈ ఆటలో మెరుపులు లేవు. గొప్ప త్యాగాలు లేవు. ఉన్నదల్లా ప్రతి ఎత్తుకు ముందు వేసుకున్న ఒకే ప్రశ్న: ఎదుటివాడు ఇప్పుడు ఏమి చేయదలచుకున్నాడు? తన కోరిక ఏమిటో ప్రతివానికి తెలుసు. ప్రత్యర్థి కోరికను అతని స్థానంలో కూర్చొని ఆలోచించగలవారు అరుదు. ఈ సూత్రాన్ని నిమ్‌జోవిచ్ అనే పండితుడు 1925లో వెలువడిన తన గ్రంథంలో శాస్త్రీయంగా ప్రతిపాదించాడు. సుల్తాన్ ఖాన్ దానిని గ్రంథపఠనంవల్ల కాక, అనుభవంవల్ల గ్రహించి ఆచరణలో చూపారు.

ఇంతటి ఆటగాని జీవితంలో తదుపరి ఘట్టం విచారకరమైనది. 1933 చివర సర్ ఉమర్ స్వదేశానికి తిరిగి వచ్చారు. ఆయనతోపాటు సుల్తాన్ ఖాన్‌కూడా తిరిగి వచ్చారు. అప్పటికి ఆయన వయస్సు ముప్పది యేండ్లు. చదరంగంలో అది పరిణతి వికసించే వయస్సు. 1935లో ఖాడిల్కర్‌తో పది ఆటల పోటీలో తొమ్మిది గెలిచి, ఒకటి మాత్రమే సమం చేశారు. తరువాత పెద్ద పోటీలలో ఆయన పేరు మరల వినబడలేదు. ఐరోపా వెళ్ళడానికి సొంత వనరులు లేవు. ఆటగాళ్ళను ఎంపికచేసి పంపే జాతీయసంస్థ ఈ దేశంలో లేదు. అఖిల భారత చదరంగ సమాఖ్య 1951లోగాని ఏర్పడలేదు. 1944లో సర్ ఉమర్ మరణించారు. మూడేళ్ళకు దేశవిభజన జరిగింది. సుల్తాన్ ఖాన్ సర్గోధా ప్రాంతంలో వ్యవసాయం చేసుకుంటూ శేషజీవితం గడిపి, 1966 ఏప్రిల్ 25న క్షయవ్యాధితో కన్నుమూశారు.

ఆయనను ఒక నిరక్షరాస్య సేవకునిగా చిత్రించిన రచనలు పాశ్చాత్య దేశాలలో పెక్కు వెలువడ్డాయి. ఆయన వంశీయులు ఇటీవలి సంవత్సరాలలో ఈ చిత్రణను గట్టిగా ఖండించారు. ఒక మనిషి ప్రతిభను మెచ్చుకుంటూనే ఆ మనిషిని చిన్నచేసి చూపడం పాలకజాతులకు అలవాటైన పని గనుక, ఈ ఖండనను మనం శ్రద్ధగా ఆలకించాలి. అంతర్జాతీయ చదరంగ సమాఖ్య 2024 ఫిబ్రవరిలో ఆయనకు మరణానంతరం గౌరవ గ్రాండ్‌మాస్టర్ బిరుదు ప్రకటించింది. ఆ గౌరవం లభించేనాటికి ఆయన గతించి యాభైయేడు సంవత్సరాలు దాటింది.

బల్లమీద ప్రత్యర్థికి కదిలే చోటు లేకుండా చేసిన మహానుభావునికి, బల్లవెలుపల తనకే కదిలే చోటు లేకపోయింది. సర్ ఉమర్ ఆదరణ లేకుంటే ఆయన లండన్ చూసేవారే కారు, అది నిజం. ఆ ఆదరణ ఒక్కటే ఆధారమైనందున, అది వెనుదిరిగిన నాడు ఆయనకూడా వెనుదిరగవలసి వచ్చింది, ఇదికూడా నిజమే. ఒక దాత దయాదాక్షిణ్యాలపై ఆధారపడిన ప్రతిభకు, ఒక సంస్థ అండగల ప్రతిభకు ఉన్న అంతరం ఇది.

ఈ అంతరాన్ని మన తెలుగునేల చరిత్రలోనే గమనించవచ్చు. స్వతంత్ర భారతంలో మొట్టమొదటి జాతీయ చదరంగ ఛాంపియన్‌షిప్ 1955లో మన ఏలూరులోనే జరిగింది. తెలుగువారైన డి. వెంకయ్య, మహారాష్ట్రకు చెందిన రామచంద్ర సప్రే సంయుక్త విజేతలయ్యారు. అటువంటి పోటీలు ఏటేటా, ఊరూరా విస్తరించిన ఫలితంగానే గుంటూరు బాలుడు పెండ్యాల హరికృష్ణ 2001లోను, గుడివాడలో పుట్టిన కోనేరు హంపి 2002లోను గ్రాండ్‌మాస్టర్లు కాగలిగారు. హంపి 2019లోను, 2024లోను మహిళల ప్రపంచ ర్యాపిడ్ బిరుదును గెలుచుకున్నారు. వీరి ప్రతిభ వీరిదే. కాని ఆ ప్రతిభకు పోటీలు, సంఘాలు, శిక్షణ తోడుగా నిలిచాయి. సుల్తాన్ ఖాన్‌కు కొరవడినవి అవే.

కనుక విద్యార్థులు ఈ జీవితంనుండి రెండు విషయాలు గ్రహించాలని నా మనవి. ఒకటి, ఎదుటివాని ఆలోచనను అర్థం చేసుకొనక తన ఆలోచన ఒక్కదానితోనే ముందుకు దూకేవాడు ఆటలోనైనా, చర్చలోనైనా, వ్యాపారంలోనైనా దెబ్బతింటాడు. రెండు, ఎవరి ప్రాపకం ఎంత గొప్పదైనా, చదువుద్వారా, సంఘాలద్వారా తన కాళ్ళపై తాను నిలిచే స్థానాన్ని ప్రతివారూ ఏర్పరచుకోవాలి. ఇక కళాశాలల పాలకులకు ఒక విన్నపం. చదరంగానికి విశాలమైన మైదానం అవసరం లేదు; ఖరీదైన పరికరాలు అవసరం లేదు. నాలుగు బల్లలు, ఒక గది, సంవత్సరానికి ఒక పోటీ చాలు. ఉర్దూ మాట్లాడే విద్యార్థి, తెలుగు మాట్లాడే విద్యార్థి ఎదురెదురుగా కూర్చొని, భాషతో నిమిత్తం లేకుండా ఒకరి మనస్సును మరొకరు చదవడానికి ఇంతకంటె చవకైన సాధనం మరొకటి లేదు. మన మధ్యనే మరొక సుల్తాన్ ఖాన్ ఉండవచ్చు. ఆ విద్యార్థి వెలుగులోనికి రావడానికి ఎవరో ఒక నవాబు దృష్టిలో పడవలసిన అవసరం ఇకనైనా ఉండరాదు.