తుప్పును జయించిన కార్మికుడు – హారీ బ్రియర్లీ

థర్మల్ స్టేషన్ బాయిలర్ మెయింటెనెన్స్‌లో ముప్ఫై ఏళ్లు పనిచేసి రిటైరైనవాణ్ణి. నిప్పునూ ఆవిరినీ ఓర్చే క్రోమియం ఉక్కు గొట్టాల మధ్యే నా సర్వీసు గడిచింది. అలాంటి ఉక్కులకు దారి వేసినవారిలో ఒకరైన బ్రియర్లీ గురించి ఈ ప్రత్యేక సంచికలో నాలుగు మాటలు రాస్తున్నాను.

ఆయన 1871లో ఇంగ్లండులోని షెఫీల్డులో ఒక ఉక్కు కార్మికుని ఇంట పుట్టారు. పన్నెండో ఏట బడి మాని థామస్ ఫర్త్ కంపెనీలో చేరి, లేబరేటరీలో సీసాలు కడిగారు. రాత్రి బడులకు వెళ్లి, సొంతంగా చదువుకుని రసాయన విశ్లేషణ నేర్చారు. 1908లో రెండు కంపెనీలు కలిసి పెట్టిన పరిశోధనశాలకు ఆయనే అధిపతి అయ్యారు.

1912లో ఒక సమస్య ఆయన ముందుకు వచ్చింది. కాల్పుల వేడికి తుపాకీ గొట్టాలు లోపల అరిగిపోతున్నాయి. క్రోమియం పాళ్లు మార్చి మార్చి ఉక్కు పోయించారు. 1913 ఆగస్టు నాటి పోతలో క్రోమియం 12.8 శాతం, కార్బన్ 0.24 శాతం. మైక్రోస్కోపులో చూసేముందు నమూనాకు యాసిడ్ పట్టించాలి. ఇది యాసిడ్‌కు లొంగలేదు. వెనిగర్, నిమ్మరసం కూడా దాన్ని ఏమీ చేయలేకపోయాయి. క్రోమియం గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి, కంటికి కనబడనంత పల్చని పొరగా ఉక్కును కాపాడుతుంది. గీత పడినా ఆ పొర మళ్లీ ఏర్పడుతుంది.

చాకులకు ఇది పనికొస్తుందని ఆయన చెబితే యాజమాన్యం పట్టించుకోలేదు. సరిగ్గా పదును పెట్టడం తెలియక, కోయని కత్తులు కనిపెట్టాడని కొందరు వేళాకోళం చేశారు. చివరకు ఎర్నెస్ట్ స్టువర్ట్ అనే కత్తుల తయారీదారు దాన్ని పరీక్షించి, స్టెయిన్‌లెస్ అని పేరు పెట్టారు. హక్కుల విషయంలో కంపెనీతో మాట పడక బ్రియర్లీ ఉద్యోగం వదిలేశారు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఆ ఉక్కు విమానాల ఇంజన్లలో వేడి పొగ వదిలే వాల్వులకు ఉపయోగపడింది.

ఇక్కడ నా సంగతి ఒకటి. ఒక గొట్టం పలచబడిందని నేను నోట్ పెడితే పై అధికారి పక్కన పడేశారు. మూడు నెలలకు అది పగిలి యూనిట్ ఆగింది. అదృష్టవశాత్తు ఎవరికీ దెబ్బ తగల్లేదు. చేతితో పనిచేసేవాడి మాట వినకపోతే ఏమవుతుందో ఆ రోజు చూశాను.

నిజం చెప్పాలంటే అదే కాలంలో జర్మనీలో, అమెరికాలో కూడా ఇటువంటి ఉక్కు తయారుచేసినవారున్నారు. అయినా బ్రియర్లీ గొప్పతనం తగ్గదు. 1920లో ఆయనకు బెస్సెమర్ స్వర్ణపతకం వచ్చింది. 1941లో షెఫీల్డు ప్రజల మేలు కోసం ఒక ధర్మనిధి స్థాపించారు. 1948లో కన్నుమూశారు.

ఈసారి మనవడు స్టీలు గ్లాసులో మంచినీళ్లు తెచ్చిచ్చినప్పుడు, సీసాలు కడిగిన ఆ కుర్రవాడి కథ చెప్పండి.