సైబరాబాదు పేరుకు మూలపురుషుడు నార్బర్ట్ వీనర్

మన కళాశాల నుండి పట్టా పుచ్చుకొన్న విద్యార్థులలో పెక్కుమంది ఉద్యోగాన్వేషణలో తొలుత అడుగుపెట్టేది మాదాపూర్, గచ్చిబౌలి ప్రాంతాలలోనే. 1998 నవంబరు 22న నాటి ప్రధాని అటల్ బిహారీ వాజపేయి సైబర్ టవర్స్ భవనాన్ని ప్రారంభించిన తరువాత ఆ రాతిగుట్టల నేల సైబరాబాదు అనే పేరుతో ప్రసిద్ధికెక్కింది. ఈ పేరులోని ఆబాద్ మనకు తరతరాలుగా పరిచయమైన పారశీక పదం; జనవాసమని దాని అర్థం. మరి సైబర్ ఎక్కడిది? 1948లో ఒక గణితశాస్త్రవేత్త తాను నెలకొల్పిన నూతన శాస్త్రానికి గ్రీకు భాష నుండి తెచ్చి పెట్టిన పేరులోని తొలి భాగమది. ఆ శాస్త్రం సైబర్నెటిక్స్. ఆ మహాశయుడు నార్బర్ట్ వీనర్. ఆ పేరు ఇక్కడికి రావడానికి 44 సంవత్సరాల ముందే ఆయన స్వయంగా హైదరాబాదుకు వచ్చి వెళ్ళారు.

వీనర్ 1894 నవంబరు 26న అమెరికాలోని మిస్సోరీ రాష్ట్రంలో, కొలంబియా పట్టణంలో జన్మించారు. తండ్రి లియో వీనర్ నేటి పోలండులోని బియాలిస్టాక్‌లో పుట్టి అమెరికాకు వలస వచ్చిన యూదుడు. తరువాత హార్వర్డు విశ్వవిద్యాలయంలో స్లావు భాషల ఆచార్యుడైనాడు. టాల్‌స్టాయ్ రచనలను 24 సంపుటాలుగా ఆంగ్లీకరించిన పండితుడు. కుమారునికి స్వయంగా చదువు చెప్పాడు, కాని ఆ చదువులో చిన్న తప్పుకు కూడ క్షమ లేదు. బాలుడు 11వ ఏట కళాశాలలో చేరి, 14వ ఏట పట్టభద్రుడై, 18వ ఏట, 1913లో, హార్వర్డు నుండి డాక్టరేటు పొందాడు. ఈ ఘనత అంతా తన శిక్షణ ఫలితమని తండ్రి పత్రికలకెక్కాడు. గెలుపు తండ్రిది, ఓటమి తనదీ అయిన ఆ బాల్యం తన మనస్సుపై వేసిన మచ్చను వీనర్ జీవితాంతం మోశారు. మార్కులకై పిల్లలను తరిమే తల్లిదండ్రులు ఆయన ఆత్మకథ మొదటి సంపుటాన్ని ఒకసారి చదవడం మంచిది.

తాము యూదులమన్న విషయం కూడ ఇంటిలో దాచబడింది. యౌవనారంభంలో అది తెలిసి ఆయన ఎంతో కలత చెందారు. మధ్యయుగపు మహావైద్యుడు, తత్త్వవేత్త మూసా ఇబ్న్ మైమూన్ తమ పూర్వికుడని వారి వంశంలో ఒక వాడుక ఉండేది. సుల్తాన్ సలాహుద్దీన్ కాలపు కైరోలో వైద్యం చేసిన ఆ పండితుని పేరు మన ఉర్దూ విద్యార్థులకు కొత్త కాదు.

కేంబ్రిడ్జిలో బెర్ట్రాండ్ రస్సెల్ వద్ద, గొట్టింగెన్‌లో హిల్బర్ట్ వద్ద చదివి వచ్చిన వీనర్, 1919లో మసాచుసెట్స్ సాంకేతిక సంస్థలో చేరి కడవరకు అక్కడనే ఉన్నారు. నీటిలో తేలే సూక్ష్మరేణువుల అడ్డదిడ్డపు కదలికను గణితంలో బంధించిన ఆయన కృషి నేటికీ వీనర్ ప్రక్రియ అనే పేరుతో పాఠ్యగ్రంథాలలో ఉన్నది.

రెండవ ప్రపంచ యుద్ధం ఆయన జీవితాన్ని మలుపు త్రిప్పింది. ఆకాశంలో ప్రాణభీతితో వంకరలు తిరుగుతూ పోయే శత్రు విమానం కొద్ది క్షణాల తరువాత ఎక్కడ ఉంటుందో ముందుగా లెక్కించి, ఫిరంగిని అటు గురిపెట్టే యంత్రం కావాలి. జూలియన్ బిగెలో అనే ఇంజనీరుతో కలసి వీనర్ దానికి పూనుకొన్నారు. యంత్రం తన తప్పును తానే కొలుచుకొని, ఆ కొలతను బట్టి తన తరువాతి పనిని దిద్దుకోవాలి. పొంగు వస్తున్న అన్నపు గిన్నెను చూసి అమ్మ మంట తగ్గించడం, చల్లారితే మళ్ళీ పెంచడం ఇట్టిదే. దీనినే ఫీడ్‌బ్యాక్ అన్నారు. దిద్దుబాటు అతి అయితే యంత్రం ఇటూ అటూ ఊగిసలాడుతుంది. అట్టి ఊగిసలాట మనుష్యులలో ఉందా అని వారు మెక్సికో శరీరధర్మ శాస్త్రజ్ఞుడు ఆర్టురో రోసెన్‌బ్లూత్‌ను అడిగారు. ఉన్నది: చిన్నమెదడు దెబ్బతిన్న రోగి ఏదైనా వస్తువును అందుకోబోతే చేయి లక్ష్యాన్ని దాటి పోయి, వెనుకకు వచ్చి, వణుకుతూనే ఉంటుంది. నరాలకూ యంత్రానికీ ఒకే గణితమని తేలింది. ఆ ఫిరంగి యంత్రం యుద్ధానికి అక్కరకు రాలేదు గాని, దాని నుండి ఒక శాస్త్రం పుట్టింది.

ఓడ చుక్కాని పట్టేవాడిని గ్రీకులు కుబెర్నేతేస్ అన్నారు. మన గోదావరి లాంచీలపై అతనిని సరంగు అంటారు. ఆ మాటా పారశీకం నుండి వచ్చినదే. 1948లో వెలువడిన సైబర్నెటిక్స్ గ్రంథం జంతువులలోను, యంత్రాలలోను జరిగే నియంత్రణ, సమాచార వినిమయాలను ఒకే దృష్టితో చూచింది. సమాజం కూడ సమాచార వినిమయంతోనే నిలుస్తుందని ఆయన భావించారు. నేటి మరమనుషుల శాస్త్రానికి ఉన్న పునాదులలో ఇది ఒకటి.

అయితే వీనర్‌ను తలచుకోవలసింది ఈ కృషి కొరకు మాత్రమే కాదు. హిరోషిమా, నాగసాకి నగరాలు బూడిదైన తరువాత ఆయనకు నిద్ర పట్టలేదనవచ్చు. ఒక విమాన సంస్థ పరిశోధకుడు క్షిపణుల పనికై ఆయన యుద్ధకాలపు నివేదికను కోరగా ఇవ్వనన్నారు. ఆ నిరాకరణ లేఖను 1947 జనవరిలో ఒక ప్రముఖ మాసపత్రికలో ప్రకటించారు. 1949లో మోటారు కార్మికుల సంఘాధ్యక్షుడు వాల్టర్ రూథర్‌కు తానే ఉత్తరం వ్రాసి, మనిషి లేకుండ నడిచే కర్మాగారం రాబోతున్నదని, కార్మికులు ముందుగానే మేలుకోవాలని హెచ్చరించారు. ఒక పారిశ్రామిక సంస్థకు ఈ విషయంలో సలహాదారు కావడానికి తాను ఒప్పుకోలేదని కూడ తెలిపారు. రూథర్ వెంటనే తంతి ద్వారా బదులిచ్చాడు. లాభం తెచ్చే కొలువును కాదని, ఎవరి కూటికి ఎసరు వస్తుందో వారికి ముందుగా చెప్పిన శాస్త్రజ్ఞులు చరిత్రలో ఎందరు?

1953 చివర ఆయన భారత ప్రభుత్వ ఆహ్వానంపై మన దేశానికి బయలుదేరారు. 1954 ప్రారంభంలో ఇండియన్ సైన్స్ కాంగ్రెస్ మహాసభలు హైదరాబాదులో జరిగాయి. ఆంధ్రప్రదేశ్ ఇంకా అవతరించలేదు. ఇది హైదరాబాదు రాష్ట్ర రాజధాని. పొట్టిగా, స్థూలంగా, దళసరి కళ్ళద్దాలతో ఉన్న ఆ ఆచార్యుడు ఈ సభలకు వచ్చారు. బాల్యం నుండి శాకాహారి కావడం వల్ల మన బిర్యానీ ప్రఖ్యాతి ఆయనకు వినికిడిగానే మిగిలి ఉంటుంది! దేశ పారిశ్రామికీకరణ గూర్చి ఆయన ఆలోచన 1956లో వచ్చిన ఆత్మకథ రెండవ సంపుటంలో ఉన్నది. ఇంగ్లండులో తొలి మిల్లులు కార్మికులను నలిపివేసిన దారినే భారతదేశం నడవనక్కరలేదని, స్వయంచాలిత యంత్రాల ద్వారా ఆ దుఃఖాన్ని దాటి పోవచ్చునని, అందుకు నిపుణులైన సాంకేతికులు పెద్దసంఖ్యలో కావాలని ఆయన అభిప్రాయం. అమెరికాలో ఏ యంత్రాన్ని చూచి భయపడ్డారో, ఇక్కడ దానినే ఆశతో చూచారు. ఇది వైరుధ్యమని కొందరికి తోచవచ్చు. యంత్రం ఎవరి మేలుకు పనిచేస్తున్నదన్నదే రెండు చోట్లా ఆయన ప్రశ్న అని నా అభిప్రాయం. నిపుణులను గూర్చిన ఆ మాట నేటి మాదాపూర్‌లో నిజమైనది. దుఃఖాన్ని దాటడం మాత్రం ఇంకా తేలలేదు. ప్రోగ్రాములు వ్రాసే పనిని యంత్రాలే నేర్చుకొంటున్న ఈ రోజులలో, ఆ భవనాలలోని యువకులకు రూథర్‌కు వ్రాసిన లేఖ కొత్తగా కనిపిస్తుంది.

1955-56లో ఆయన మరల వచ్చి కలకత్తాలోని భారతీయ గణాంక సంస్థలో కొన్ని నెలలు బోధించారు.

1960లో సైన్స్ పత్రికలో వ్రాసిన వ్యాసంలో ఆయన మరొక అడుగు ముందుకు వేశారు. చదరంగం వంటి ఆటలు నేర్చిన యంత్రం తనకు నేర్పినవానినే ఓడించగలదు. అది మనకంటె వేగంగా పనిచేస్తుంది గనుక, పొరపాటు జరిగిందని మనం గ్రహించేసరికి పని పూర్తయిపోతుంది. కాబట్టి మనం దానికి అప్పగించిన లక్ష్యం మనం నిజంగా కోరుకొన్నదేనా అన్నది ముందే చూచుకోవాలి. అల్ఫ్ లైలాలో జాలరి సీసా మూత తీయగా వెలువడిన జిన్ను కథ ఆయనకు ఇష్టమైన దృష్టాంతం. వరమిచ్చేవాడు కోరిన మాటను ఇస్తాడే గాని మనస్సులోని కోరికను కాదు. కృత్రిమ మేధ నైతికతను చర్చించే నేటి పరిశోధకులు ఈ వ్యాసాన్ని తరచు ప్రస్తావిస్తున్నారు. విచిత్రమేమంటే, 1956 డార్ట్‌మత్ సమావేశానికి కృత్రిమ మేధ అన్న పేరు పెట్టిన జాన్ మెకార్తీ, వీనర్ నీడ పడకుండ ఉండడానికి కూడ ఆ కొత్త పేరును ఎంచుకొన్నట్లు తరువాత చెప్పుకొన్నాడు. ఆ మెకార్తీ శిష్యుడే చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన రాజ్ రెడ్డి.

వీనర్ ముక్కోపి, అనుమానపు మనిషి. సన్నిహితులైన సహచరులతో తెగతెంపులు చేసుకొని తన శాస్త్రానికే నష్టం కలిగించారు. 1961లో మెట్లపై జారిపడి తుంటి ఎముక విరిగి ఆసుపత్రిలో ఉన్నప్పుడు, చేయి పోయినవారి మిగిలిన కండరాల సంకేతాలతో నడిచే కృత్రిమ హస్తాన్ని గూర్చి వైద్యులతో చర్చించారు. ఆ ఆలోచన తరువాతి కాలంలో బోస్టన్ హస్తంగా రూపొందింది. 1964 జనవరిలో అధ్యక్షుడు జాన్సన్ చేతుల మీదుగా జాతీయ విజ్ఞాన పతకం అందుకొన్నారు. ఆ మార్చి 18న స్టాక్‌హోంలో గుండెపోటుతో కన్నుమూశారు. వయస్సు 69. మట్టితో బొమ్మను చేసి ప్రాణం పోసిన యూదుల పురాణగాథను పేరులో నిలుపుకొన్న ఆయన చివరి గ్రంథం ఆ ఏడే వెలువడింది. మరుసటి ఏడు దానికి అమెరికా జాతీయ గ్రంథ పురస్కారం లభించింది.