కాలానికి కొలత కట్టిన ఇంజనీరు

శాండ్‌ఫర్డ్ ఫ్లెమింగ్ 1827లో స్కాట్లండులో జన్మించాడు. పద్దెనిమిదవ ఏట కెనడా చేరి, రైలుమార్గాల నిర్మాణంలో ప్రధాన ఇంజనీరుగా ఎదిగాడు. ఆ దేశపు తొలి తపాలాబిళ్ళకు రూపమిచ్చినవాడూ ఆయనే.

ఆ రోజులలో ఏ ఊరి కాలం ఆ ఊరిదే. సూర్యుడు నడినెత్తికి వచ్చినప్పుడే అక్కడ పన్నెండు గంటలు. గుర్రపుబండి ప్రయాణానికి అది సరిపోయేది. రైలు వేగానికి సరిపోలేదు.

1876లో ఐర్లండులో ఫ్లెమింగ్ రైలు తప్పిపోయింది. కాలపట్టికలో ఉదయానికి బదులు సాయంత్రమని అచ్చు పడటమే కారణం. ఆ రాత్రంతా స్టేషనులో గడిపిన ఆయన, మొదట ఇరవైనాలుగు గంటల గడియారాన్ని సూచించాడు. పిదప ఆ ఆలోచన భూగోళమంతటికీ విస్తరించింది. భూమి గంటకు 15 డిగ్రీలు తిరుగుతుంది. ఆ లెక్కన ప్రపంచాన్ని 24 మండలాలుగా విభజిస్తే, దూరదేశాల కాలాన్ని గంటలు కలిపో తీసివేసో తెలుసుకోవచ్చునని 1879లో ప్రతిపాదించాడు.

ఉత్తర అమెరికా రైల్వేలు 1883లో మండల కాలాన్ని స్వీకరించాయి. మరుసటి ఏడు వాషింగ్టన్‌లో సమావేశమైన 25 దేశాల ప్రతినిధులు గ్రీనిచ్ రేఖను ప్రధానరేఖగా ఆమోదించారు గాని, ఫ్లెమింగ్ కోరిన మండలాలను తీర్మానించలేదు. అయినా దేశాలు ఒక్కొక్కటిగా ఆ బాటనే పట్టాయి. 1906లో భారతదేశం, కాకినాడ సమీపంగా సాగే 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశాన్ని ఎంచుకున్నది. దానిని 15తో భాగిస్తే ఐదున్నర. కనుకనే గ్రీనిచ్ కాలమానం మధ్యాహ్నం పన్నెండు చూపితే మనకు సాయంత్రం ఐదున్నర. పూర్తి గంటలనే తలచిన ఫ్లెమింగ్ పథకంలో ఈ అరగంటకు చోటు లేదు. ఆయన 1915లో కెనడాలోని హాలిఫాక్స్‌లో మరణించాడు.