రెండో పెన్ను

మాది కొత్తపేట. కోనసీమ అనగానే హాస్టల్లో అందరూ కొబ్బరికాయలు, పూతరేకులు తెచ్చావా అని అడుగుతారు. ఈసారి సంక్రాంతి సెలవుల నుంచి నేను తెచ్చుకున్నది ఒక పాత పెన్ను.

మా తాతయ్య టీచరుగా చేరిన కొత్తలో కొనుక్కున్న రత్నం పెన్ను అది. లావుగా, నున్నగా ఉంటుంది. ఒకప్పుడు నల్లగా ఉండేదట, ఇప్పుడు వెలిసి కాఫీపొడి రంగులోకి వచ్చింది. తాతయ్యకి చేతులు వణుకుతున్నాయి. బీరువాలోంచి ఆ పెన్ను తీసి నాకిచ్చి, తను చెప్తుంటే చుట్టాలకి ఒక ఉత్తరం రాసిపెట్టమన్నారు. నేను ఎల్‌కేజీ నుంచి ఇంగ్లీష్ మీడియం. నాలుగు లైన్లు రాసేసరికి ఒత్తులన్నీ ఎటో పోయాయి. తాతయ్య తిట్టలేదు. కాగితం మడిచి పక్కన పెట్టి, ఆ పెన్ను చేసినాయన కథ చెప్పడం మొదలుపెట్టారు. కాలేజీకి వచ్చాక ఆ కథ గురించి ఇంకొంచెం వెతికి చదివాను. ఇదిగో, మీకోసం.

ఆయన పేరు కోసూరి వెంకటరత్నం. ఊరు రాజమండ్రి. మా ఊరి నుంచి రావులపాలెం వెళ్ళి, జొన్నాడ దగ్గర గోదావరి దాటి ముందుకెళ్తే వచ్చే ఊరే. నన్నయ భారతం మొదలుపెట్టిన ఊరు, వీరేశలింగం గారు పత్రిక నడిపిన ఊరు. రాతకి అంత పేరున్న ఊళ్ళో రత్నం గారు కవీ కాదు, పండితుడూ కాదు. బంగారప్పని చేసే స్వర్ణకారుడు.

1921లో దేశమంతా సహాయ నిరాకరణ నడుస్తోంది. ఆ ఏడాదే బెజవాడలో కాంగ్రెస్ సమావేశం జరిగింది. గాంధీగారు ఆంధ్రలో చాలా ఊళ్ళు తిరిగారు. రత్నం గారు గాంధీగారిని కలిసింది ఆ ఏడాదే అంటారు. నగలూ బొమ్మలూ చెయ్యగల నేర్పున్న మనిషిని చూసి, ఆ నేర్పుతో సామాన్య జనానికి పనికొచ్చే వస్తువేదైనా చెయ్యమన్నారట గాంధీగారు. గుండుసూది దగ్గర్నుంచి పెన్ను దాకా ఏదైనా సరే, మన దేశంలో తయారైతే చాలన్నారట. రత్నం గారు ఆ వరసలో చివరిదాన్ని పట్టుకున్నారు.

ఆ రోజుల్లో ఫౌంటెన్ పెన్ను అంటే పైదేశం సరుకే. 1884లో అమెరికాలో వాటర్‌మన్ పేటెంట్ తీసుకున్నాక ఈ పెన్నులు బాగా వ్యాపించాయి. తర్వాత పార్కర్, షీఫర్ వచ్చాయి. మన లాయర్లూ, మేష్టార్లూ, ఉద్యమ నాయకులూ వాడింది అలాంటివే. నాకు ఇక్కడొక చిత్రం కనిపించింది. విదేశీ బట్టలు తగలబెడదాం అని పిలుపు రాస్తున్న చేతిలో ఉన్నది విదేశీ పెన్ను! ఒంటి మీద బట్ట అందరికీ కనిపిస్తుంది. జేబులో పెన్ను సంగతి ఎవరు పట్టించుకుంటారు? రత్నం గారు పట్టించుకున్నారు.

మరి పెన్ను చెయ్యడం అంత కష్టమా? నేనూ తేలికే అనుకున్నా, తాతయ్య పెన్ను విప్పి చూసేదాకా. ఒళ్ళు ఎబోనైట్‌తో చేస్తారు. అంటే రబ్బరులో గంధకం ఎక్కువ పాళ్ళలో కలిపి వేడి మీద గట్టిపరిచిన పదార్థం. దాని కడ్డీని లేత్ మీద తిప్పుతూ చెక్కి, లోపల తొలిచి, మరలు పెడతారు. మర ఒక్క పిసరు వదులైనా ఇంకు చొక్కా జేబులోకి కారుతుంది. ఎండకి, వేడినీళ్ళకి దీని రంగు వెలుస్తుంది. తాతయ్య పెన్నుకి అయింది అదే.

అసలు కష్టం పాళీ దగ్గరుంది. పాతకాలం ఇంకుల్లో ఆమ్లం ఉండేది, అది ఉక్కు పాళీని తినేస్తుంది. బంగారాన్ని ఏమీ చెయ్యలేదు. అందుకే మంచి పాళీలు బంగారంతో చేసేవారు. కానీ బంగారం మెత్తన, కాగితం మీద రాసి రాసి అరిగిపోతుంది. అందుకని కొసన ఇరిడియం లాంటి గట్టి లోహం చిన్న పూసలా అతికించాలి. తర్వాత ఆ పూసని రెండుగా చీలుస్తూ పాళీ మధ్యలో సన్నటి చీలిక కొయ్యాలి. ఇంకు దిగేది ఆ చీలికలోంచే. పాళీ కింద నాలికలాంటి ముక్క ఒకటి ఉంటుంది. దాని గాడిలోంచి ఇంకు కిందికి వస్తుంటే గాలి పైకి పోతుంటుంది. గాలి పోకపోతే పెన్ను ఆగిపోతుంది, ఎక్కువ పోతే కక్కుతుంది.

ఇదంతా చదివాక నాకు ఒకటి అర్థమైంది. బంగారాన్ని రేకు కొట్టడం, అతకడం, వెంట్రుకంత గీత కొయ్యడం స్వర్ణకారుడి రోజువారీ పనే కదా. పెన్నుకి కావాల్సిన విద్యలో సగం ఆయన చేతుల్లో ముందే ఉంది.

రాజమండ్రిలో రత్నం పెన్నుల తయారీ 1932లో మొదలైంది. మామూలుగా కథ ఇక్కడితో అయిపోవాలి. హీరో గెలిచాడు, చప్పట్లు. నాకు ఈ కథ నచ్చింది మాత్రం దీని తర్వాత జరిగిన దానివల్ల.

ఆయన తన పెన్నుని గాంధీగారికి పంపారు. అది పూర్తిగా స్వదేశీ కాదని, లోపల కొన్ని భాగాలు బయటినుంచి వచ్చినవేనని గాంధీగారు దాన్ని తీసుకోలేదు. ఒక్కసారి ఆ పరిస్థితి ఊహించుకోండి. ఎవరి మాట విని ఇన్నేళ్ళు కష్టపడ్డారో ఆయనే కాదన్నారు. పైకి చూస్తే పెన్ను బాగానే ఉంది, రాస్తోంది, జనం కొంటున్నారు. లోపల ఏముందో విప్పి చూసేవాళ్ళు ఎంతమంది? ఆయన అలిగి ఊరుకోవచ్చు, అలాగే అమ్ముకోనూవచ్చు. అదేమీ చెయ్యకుండా మళ్ళీ పనిబల్ల ముందు కూర్చున్నారు.

1934 చివర్లో అఖిల భారత గ్రామ పరిశ్రమల సంఘం ఏర్పడింది. దాని పనులు చూసింది జె.సి. కుమారప్ప. లెక్కల చదువు చదివి, గ్రామాల ఆర్థిక వ్యవస్థ కోసం పనిచేసిన మనిషి. రత్నం పెన్ను నిజంగా స్వదేశీయేనా అని సరిచూసే బాధ్యత ఆయన మీద పడింది. ఈసారి పెన్ను నెగ్గింది. కుమారప్ప ద్వారానే అది గాంధీగారికి చేరింది. 1935 జులై 16న వార్ధా నుంచి గాంధీగారు రత్నం గారికి ఉత్తరం రాశారు. పెన్నుకి ధన్యవాదాలు చెప్పి, తాను వాడి చూశానని, బజారులో దొరికే విదేశీ పెన్నుల బదులు వాడుకోవడానికి బాగానే ఉందనిపిస్తోందని రాశారు. అంతే, చిన్న ఉత్తరం. పెద్ద పొగడ్తలేమీ లేవు. కానీ ఒకసారి కాదన్న మనిషి, వాడి చూసి బాగుందన్నాడంటే అంతకంటే ఏం కావాలి? ఆ కుటుంబం ఆ ఉత్తరాన్ని భద్రంగా దాచుకుంది.

తర్వాత రాజమండ్రి పెన్నుల ఊరిగా పేరు తెచ్చుకుంది. గైడర్ పెన్నులూ అక్కడే పుట్టాయి. బాల్‌పెన్నులు వచ్చాక చేతిపెన్నుల బేరం బాగా తగ్గింది. రత్నం గారు పోయి చాలా ఏళ్ళయినా ఆయన వారసులు ఆ పని వదల్లేదు. ఇప్పుడు పెన్నులు సేకరించేవాళ్ళు వేరే దేశాల నుంచి కూడా రాజమండ్రి పెన్నులు అడిగి తెప్పించుకుంటున్నారు.

ఈ కథ నన్నెందుకు పట్టుకుందో కూడా చెప్పెయ్యాలి. పోయిన సెమిస్టర్‌లో నా మినీ ప్రాజెక్ట్ బ్రహ్మాండంగా రన్ అయింది. వైవాలో ఒక్క ఫంక్షన్ చూపించి ఇదెలా పనిచేస్తుందని అడిగితే నా దగ్గర సమాధానం లేదు. ఎక్కడో దొరికిన కోడ్ తెచ్చి పేర్లు మార్చిపెట్టాను మరి. ఎవరో రాసిన లైబ్రరీ వాడుకోవడం తప్పని నేననను, అలాగైతే మనం ఒక్క ప్రోగ్రాం కూడా రాయలేం. కానీ లోపల ఏముందో తెలియకుండా పైన నా పేరు వేసుకున్నాను. ఆ రోజు నాకు వైవా తీసుకున్నవాళ్ళ మీద కోపం వచ్చింది. రత్నం గారి కథ విన్నాక నా మీద నాకు సిగ్గేసింది.

తాతయ్య పెన్నులో ఇంకు ఎండిపోయి గడ్డకట్టి ఉండేది. పాళీ భాగాన్ని గోరువెచ్చని కాదు, మామూలు చన్నీళ్ళలోనే రెండు రోజులు నానబెట్టా. నీళ్ళు నీలంగా మారుతూ మారుతూ చివరికి తేటగా అయ్యాయి. ఫిల్లరుతో ఇంకు పోసి, మర బిగించి గీశాను. మొదట గీరింది, తర్వాత రాసింది. ఇప్పుడు క్లాసులో నోట్స్ దాంతోనే రాసుకుంటున్నా. బాల్‌పెన్నులా అదిమి పట్టక్కర్లేదు, చెయ్యి నొప్పి పుట్టదు. కాకపోతే తొందరపడితే అలుక్కుపోతుంది, కాబట్టి కాస్త నెమ్మదిగా, చూసి రాయాలి. నా ఒత్తులకి అదే మంచిదైంది.

ప్రాజెక్ట్ మొదటి లైను నుంచి మళ్ళీ రాస్తున్నా. ఇంకా సగం కూడా కాలేదు, ఎర్రర్లు బోలెడు వస్తున్నాయి. తాతయ్య చుట్టాలకి రాయమన్న ఉత్తరం మాత్రం పూర్తిచేసి పోస్ట్ చేశాను. అది రెండోసారి రాసింది. మొదటి కాగితం తాతయ్య దగ్గరే ఉంది, ఇమ్మంటే ఇవ్వట్లేదు.